టైలరమ్మ కుట్టిన గొడుగు

టైలరమ్మ దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్ళకి ఒక అలవాటు ఉంది. కొత్త బట్ట తొడుక్కునే ముందు ఇంట్లో కత్తెర ఎక్కడుందా అని వెతుక్కుంటారు. ఎందుకంటే ఆవిడ ఏ బట్టనూ ఊరికే మడిచి చేతిలో పెట్టదు. ఇస్త్రీ చేసి, అంచుకు అంచు కలిపి మడిచి, ఆ మడత దారిలో జారిపోకుండా రెండు మూలల్లో రెండు కచ్చా కుట్లు వేసి మరీ ఇస్తుంది. చొక్కా అయితే జేబు మూతి కూడా కుట్టేస్తుంది, వేసుకునేలోపు సాగిపోకూడదని. "నా చేతిలోంచి ఎలా వెళ్ళిందో మీ ఒంటి మీదకి అలాగే రావాలి" అంటుంది. తొందరలో ఉన్నవాళ్ళు ఆ కుట్లు చూసుకోక, చెయ్యి దూరక, ఆవిడని నాలుగు తిట్టుకున్న రోజులు లేకపోలేదు. తిట్టుకున్నా మళ్ళీ ఆవిడ దగ్గరికే వస్తారు. టైలరమ్మ కుట్టు ఊడిందన్న మాట ఆ వీధిలో ఇంతవరకు ఎవరూ వినలేదు.

ఆవిడకి యాభై రెండేళ్ళు. పద్నాలుగో ఏట పిన్ని దగ్గర సూది పట్టింది, ఇప్పటికీ దించలేదు. వీధి వైపు గదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, దాని పక్కన గుండీల డబ్బా, గోడకి కొట్టిన మేకులకు రంగు రంగుల దారపు ఉండలు. మెడలో టేపు, దానితోపాటు నాడాకి కట్టిన చిన్న కత్తెర. కత్తెర లేకుండా ఆవిడని చూసినవాళ్ళు లేరు. గది వెనక పెరడు, పెరట్లో రేకుల షెడ్డు, షెడ్డులో మొగుడు.

ఆయన మెకానిక్. పెళ్ళికి ముందు లారీ సీటు కవరు కుట్టించుకోవడానికి వచ్చాడు. ఇరవై రెండేళ్ళ పిల్ల కుట్టి ఇచ్చిన కవరుని తిరగేసైనా చూడకుండా చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. "చూసుకోరా?" అని ఆవిడ వెనక నుంచి కేకేస్తే, "చూశాగా" అన్నాడట ఆవిడ మొహం వైపు చూసి. ఆయన జన్మలో ఆడిన సరసం అదొక్కటే. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు మాటలని పొదుపుగా వాడుకుంటూ వచ్చాడు. ఊళ్ళో వాళ్ళ బండ్లన్నీ పరుగెత్తించే మనిషికి సొంత స్కూటరు మాత్రం నాలుగు తన్నులు తంతే గానీ కదలదు.

అలాంటి మనిషి మూడేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం ఇంటికొచ్చి, కంచం ముందు కూర్చుని, ముద్ద కలిపి, నోట్లో పెట్టుకోవడం మరిచిపోయాడు.

"ఏమైందండీ? ఒంట్లో బాలేదా?"

"చూశాను."

"ఏం చూశారు?"

ఊరి బయట పాత విమానాల మైదానం ఒకటుంది. విమానాలు మానేసి చాలా ఏళ్ళయింది. అక్కడ జనరేటరు చెడిపోతే బాగుచెయ్యడానికి వెళ్ళాడు. ఆ రోజు అక్కడ డ్రాగ్ రేసులు జరుగుతున్నాయి. మలుపుల్లేవు, గుండ్రంగా తిరగడాల్లేవు. తిన్నగా పావు మైలు, అంతే. రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి, పచ్చ దీపం వెలుగుతుంది, ముందు చేరినవాడు గెలిచినట్టు.

"ఉన్నచోట ఉన్నాయే. రెప్ప వేసి తీశాను, లేవు. నేల మాత్రం ఇంకా వణుకుతోంది. నా చేతిలో ఉన్న పానా వణికింది" అన్నాడు. ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు అనడం ఆవిడ వినలేదు. చివరికి ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, "మనం ఒకటి చేద్దాం" అన్నాడు.

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. టైలరమ్మ ఆ మాటే పైకి అని, చల్లారిన కూర మళ్ళీ వేడి చెయ్యడానికి లేచింది.

ఆయన పిచ్చి ఆయనతో ఆగితే బాగుండేది. నెల తిరిగేసరికి ఇంకో ముగ్గురికి అంటుకుంది. మొదటివాడు టైలరమ్మ సొంత తమ్ముడు, వెల్డరు. బావ ఏమంటే అది వేదం వాడికి. రెండో ఆయన లేత్ పని చేస్తాడు. ఏ పని చేసినా "వెంట్రుకవాసి తేడా ఉన్నా ఒప్పుకోను" అంటాడు. అందుకని అందరూ ఆయన్ని వెంట్రుకవాసి అనే పిలుస్తారు. ఆయన నెత్తిన మాత్రం ఒక్క వెంట్రుకా లేదు. మూడో ఆయన లెక్కల మాస్టారు, బడి నుంచి రిటైరై అయిదేళ్ళయింది. ఇంట్లో ఎవరూ లెక్కలు అడగడం లేదని ఆయన బెంగ. ఆయనకి షెడ్డులో ఒక గోడ మొత్తం ఇచ్చేశారు, సుద్దముక్కతో ఎంత కావాలంటే అంత రాసుకోమని.

వారానికో సెలవు రోజు, మిగతా రోజుల్లో సాయంత్రాలు రెండేసి గంటలు. పాత సామాన్ల దుకాణంలో, ముందు భాగం నుజ్జయిన పెద్ద కారు ఒకటి దొరికింది. దాని ఇంజనుకి మాత్రం గీత కూడా పడలేదు. తమ్ముడు గొట్టాలు వంచి, అతికి, నిచ్చెన లాంటి పొడుగాటి ఒళ్ళు కట్టాడు. మనిషి కూర్చునేచోట చుట్టూ ఇనుప పంజరం. వెనక లారీకి సరిపోయేంత వెడల్పు టైర్లు, ముందు సైకిలుకి పెట్టాల్సినంత సన్నటి చక్రాలు. వెనక ఇరుసు తియ్యడానికి వెంట్రుకవాసికి ఏడు వారాలు పట్టింది. ఆరో వారం పూర్తయిన ఇరుసుని కొలిచి, మూలన పారేసి, మళ్ళీ మొదలుపెట్టాడు. "ఏమైంది అన్నయ్యా, బాగానే ఉందిగా" అంటే, "బాగానే ఉంది చెల్లెమ్మా. బాగానే ఉన్నదాని మీద మీ ఆయన్ని కూర్చోబెట్టనా?" అన్నాడు. టైలరమ్మ నలుగురికీ టీ పెట్టడానికి వెళ్ళింది.

ఇదంతా ఆవిడకి నచ్చిందని అనుకోవద్దు. సగం బట్టల మీద ఇనుప రజను పడుతోందని రోజూ గొణిగేది. ఆ గొణుగుడు ఆగింది ఇంజను మొదటిసారి మోగిన రోజునే.

ఆ సాయంత్రం ఆవిడ ఒక కాలరుకి కుట్టు వేస్తోంది. ముందు గుండీల డబ్బా కదిలింది. కదిలి, బల్ల చివరికి నడిచి, కిందపడి, గుండీలన్నీ నేల మీద ఎగరడం మొదలుపెట్టాయి. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. శబ్దం ఆ తర్వాత వచ్చింది. చీవాట్లు పెడదామనే పెరట్లోకి పరుగెత్తింది. షెడ్డు గుమ్మంలో ఆగి చెయ్యి గోడకి ఆనించింది. గోడ వణుకుతోంది. ఆ గోడ ఇంత వయసులో ఎప్పుడూ వణికినట్టు లేదు. లోపల నలుగురు మగాళ్ళు. పాత సామాన్లలో తుప్పు పట్టాల్సిన ఇనుము వాళ్ళ మధ్య నిలబడి ఊపిరి తీస్తోంది. మొగుడు దాని మీద చెయ్యి వేసి ఉన్నాడు, భయంభయంగా, ఏదో పెద్ద జంతువుని నిమిరినట్టు. ఇంజను ఆపాక చెవుల్లో గింగురుమంటుంటే, "ఇది మీరు చేశారా?" అని అడిగింది టైలరమ్మ. అడిగాక తన గొంతు తనకే కొత్తగా అనిపించింది.

"ఇంకా అవలేదు" అన్నాడు మొగుడు.

అవలేదన్న మాట నిజమే. రేసుల వాళ్ళ దగ్గర నుంచి కాగితం వచ్చాక తెలిసింది ఎంత అవలేదో. మైదానంలో పావు మైలు గీత దాటాక ఆగడానికి ఉన్నది మళ్ళీ పావు మైలే. ఆ పైన రాతి గోడ. ముందు చక్రాలకి బ్రేకులు లేవు, వెనక బ్రేకులు ఆ వేగానికి చాలవు. కాబట్టి ఇంట్లో చేసుకున్న కారు ఏదైనా వెనక పారాచూట్ కట్టుకుని రావాల్సిందే. తయారైనది తెప్పించాలంటే ఎనిమిది నెలలు పడుతుంది, రేసు మూడు నెలల్లో ఉంది. నలుగురూ మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారు.

"గొడుగు లాంటిదే కదా?" అంది టైలరమ్మ గుమ్మంలోంచి. "గుడ్డా దారమే కదా? ఇలా ఇవ్వండి ఆ కాగితం."

"అమ్మాయ్, ఇది దిండు గలీబు కుట్టడం కాదు" అన్నాడు మాస్టారు.

"దిండు గలీబు మాత్రం మీకొచ్చా మాస్టారూ?"

మాస్టారు సుద్దముక్క తీసుకుని గోడ మీద ఖాళీ వెతుక్కున్నాడు. ఎంత బరువు, ఎంత వేగం, ఎంత గుడ్డ అని లెక్క కట్టడం మొదలుపెట్టాడు. ఆ రోజు నుంచి అందరికీ దాని పేరు గొడుగే.

డేరాలు కుట్టేవాళ్ళ దగ్గర నారింజ రంగు నైలాను గుడ్డ దొరికింది. పదహారు ముక్కలు, ఒక్కొక్కటి ఆవిడకంటే పొడుగు. గది చాలక మంచం వీధిలో పెట్టి నేల మీద పరుచుకుని కత్తిరించింది. దానికని మైనం పట్టించిన నల్ల నైలాను దారం తెచ్చింది. దాని నాలుగు పేటలు కలిపి షెడ్డు దూలానికి కట్టి వెంట్రుకవాసిని వేలాడమంటే వేలాడాడు. దూలం మూలిగింది గానీ దారం మూలగలేదు.

మొదటిసారి తమ్ముడి వ్యాను వెనక కట్టి మైదానం రోడ్డు మీద విప్పి చూస్తే, గొడుగు తాగినవాడిలా అటూ ఇటూ కొట్టుకుని ఫట్టుమని చిరిగింది. టైలరమ్మ పరుగున వెళ్ళి చూసుకుంది. కుట్టు ఊడలేదు, కుట్టు పక్కన గుడ్డ చిరిగింది. ఆ సంగతి నలుగురికీ నాలుగుసార్లు చెప్పింది. మాస్టారు మాత్రం నడినెత్తిన చిల్లు పెట్టాలన్నాడు.

"బాగున్న గుడ్డకి చిల్లా? ఎవరైనా వింటే నవ్వుతారు."

"లోపలికి వెళ్ళిన గాలికి బయటికి దారి ఉండాలమ్మాయ్. నువ్వు ఇవ్వకపోతే అదే చేసుకుంటుంది, ఇదిగో ఇలా."

ముప్పై ఎనిమిదేళ్ళలో ఆవిడ, గుండీకి తప్ప, కావాలని గుడ్డకి చిల్లు పెట్టడం అదే మొదలు. కత్తెర పట్టుకున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది. రెండోసారి విప్పినప్పుడు గొడుగు ఆకాశానికి అడ్డంగా నిండుగా నిలబడింది, కదలకుండా. తమ్ముడు వ్యాను యాక్సిలరేటరు నొక్కి పట్టుకునే ఉన్నాడు, అయినా వ్యాను నడక వేగానికి దిగిపోయింది. వెంట్రుకవాసి దిగి, బిగిసిన తాడు మీద వేలు పెట్టి చూసి, "ఏమీ లేని గాలిని పట్టుకుని కట్టేశావు చెల్లెమ్మా" అన్నాడు.  టైలరమ్మ తన చేతిమీదుగా వెళ్ళింది ఇంత బలమైనదా అని, వెనక్కి వెనక్కి నడుస్తూ చూసింది. ఆ తర్వాత అయిదుసార్లు విప్పారు, అయిదుసార్లూ విచ్చుకుంది. ప్రతిసారీ మాస్టారు గీసిన బొమ్మ చూసుకుంటూ తమ్ముడే మడిచాడు.

రేసుకి ముందు రోజు మాత్రం టైలరమ్మ గొడుగుని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. దుమ్మూ నూనె మరకలతో నలుగురి ముందుకీ పంపడానికి ఆవిడకి ప్రాణం ఒప్పలేదు. ఉతికి, ఎండలో ఆరేసి, మధ్యాహ్నం గదిలో కూర్చుని సన్నటి వేడితో ఇస్త్రీ చేసి, బొమ్మలో ఉన్నట్టే మడత మీద మడత వేసింది. మిగిలిన నారింజ గుడ్డతో కాలర్లు పెట్టి నలుగురికీ నాలుగు నీలం చొక్కాలు కూడా ఆ పూటే పూర్తిచేసింది. రేసు రోజు పొద్దున్నే ఆవిడ తల దువ్వుకుంటుండగా మొగుడు గొడుగుని తీసుకెళ్ళి కారు వెనక సంచిలో సర్దేశాడు.

మైదానంలో ఎన్ని కార్లని! జనం, పొగ, కాలిన రబ్బరు వాసన. తనిఖీ చేసే ఆయన వీళ్ళ కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. పంజరం మీద తట్టాడు, ఇరుసు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు చూశాడు. గొడుగు సంచి పట్టీల కుట్టుని రెండు చేతులా లాగాడు. "ఇది ఎవరు కుట్టారు?" అంటే నలుగురూ ఒకేసారి టైలరమ్మని చూపించారు. ఆయన కారు మీద చీటీ అంటించాడు. ఇంట్లో చేసుకున్న కార్లకి పక్కన ఇంకో కారు ఉండదు, గడియారంతోనే పోటీ, అదీ ఒక్కొక్క పరుగే. వాళ్ళ వంతు మధ్యాహ్నం వచ్చింది.

మొగుడు మందపాటి కోటు తొడుక్కుని, హెల్మెట్ పెట్టుకుని, పంజరంలో దూరి పట్టీలు బిగించుకున్నాడు. మాస్టారూ వెంట్రుకవాసీ కారుని గీత వైపు తోసుకుంటూ వెళ్ళారు. తమ్ముడు చేతిలో ఉన్న చిన్న పానాని జేబులో వేసుకోబోయి ఆగిపోయాడు.

"అక్కా, నీ చాదస్తం తగలెయ్యా! జేబు తెరుచుకోవట్లేదు."

టైలరమ్మ నవ్వింది. మెడలో కత్తెర తీసి జేబు మూతి మీద కచ్చా కుట్టుని కత్తిరించింది. ఒక్క కొరుకుకి తెగలేదు. రెండోసారి గట్టిగా నొక్కితే తెగి, దారం ముక్క అరచేతిలో పడింది.

కచ్చా కుట్టుకి ఆవిడ ఎప్పుడూ పాత నూలు దారం వాడుతుంది, కత్తెర ఆనీ ఆనకముందే పుటుక్కుమనేది. ఇది నల్లగా ఉంది. మైనం మెరుస్తోంది. నిన్న సూదిలో ఉన్న దారం.

నవ్వు మొహం మీదే ఉండిపోయింది. చొక్కాలు మడిచింది, జేబులు కుట్టింది. వాటికి ముందు గొడుగు మడిచింది. మడిచాక? ఇస్త్రీ చేసి, అంచుకు అంచు కలిపి మడిచిన గుడ్డ తన చేతిలోంచి ఊరికే వెళ్ళిన రోజు ఉందా? కుట్టు వేసినట్టు గుర్తు లేదు. వెయ్యనట్టూ గుర్తు లేదు. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆ రెండు కుట్లు వేసేది ఆవిడ కాదు, ఆవిడ చేతులు. వాటిని ఇప్పుడెలా అడగాలి?

అవతల ఇంజను మోగింది.

టైలరమ్మ పరుగెత్తింది. యాభై రెండేళ్ళ మనిషి, మెడలో టేపు ఎగురుతుంటే, జనానికి అడ్డంగా కట్టిన తెల్ల తాడు కింద నుంచి దూరి, అడ్డం వచ్చిన ఒకాయన్ని మోచేత్తో నెట్టి పరుగెత్తింది. కేకలు వేస్తూనే ఉంది, తన కేక తనకే వినపడటం లేదు. వెనక టైర్లు అప్పటికే తిరుగుతూ పొగ కక్కుతున్నాయి. వెనక నుంచి పిలిస్తే లాభం లేదని తెలిసి కారు ముందుకి వెళ్ళి, రెండు చేతులూ చాచి నిలబడింది.  హెల్మెట్ లోపల మొగుడి కళ్ళు పెద్దవయ్యాయి. ఇంజను ఆగింది.

దీపాల స్తంభం దగ్గర ఎర్రటోపీ పెట్టుకున్న పెద్దాయన, పరుగులు మొదలుపెట్టించే ఆయన, అరుస్తూ వచ్చాడు. "ఎవరమ్మా నువ్వు? చావాలనుందా?"

"సంచి విప్పండి. లోపల నా కుట్టు ఉందేమో చూడాలి."

"గీత దగ్గరకొచ్చి ఆగితే వంతు పోతుంది, తెలుసా?"

"పోతే పోనీండి. విప్పండి!"

తమ్ముడు సంచి విప్పాడు. నారింజ మడత బయటికొచ్చింది. రెండు మూలల్లో రెండు కచ్చా కుట్లు, నల్లగా, పొందిగ్గా, గీత గీసినట్టు. ఇంకెవరైనా అయితే ఎంత చక్కగా వేశారని మెచ్చుకునేవాళ్ళు. వెంట్రుకవాసి కళ్ళు మూసుకున్నాడు. మాస్టారు పెదవులు కదిలాయి, ఆయన ఏం లెక్క కడుతున్నాడో అందరికీ తెలుసు. సంచి తెరిచే మీట లాగితే బయటికొచ్చేది గొడుగు కాదు, మూట. ఆ పైన రాతి గోడ.

"నేనే వేశాను" అంది టైలరమ్మ. ఎవరూ అడగకముందే, అందరికీ వినపడేలా అంది. రెండు కుట్లూ కత్తిరించి, మడతలన్నీ విప్పి, అక్కడే నేల మీద కూర్చుని మళ్ళీ మొదటి నుంచి మడిచింది. ఒక్కో మడతకీ పైకి చెప్పుకుంటూ మడిచింది, చేతుల్ని నమ్మకుండా.

ఎర్రటోపీ ఆయన కింద పడిన దారం ముక్క తీసుకుని రెండు వేళ్ళకి చుట్టి లాగాడు. వేళ్ళు తెల్లబడ్డాయి గానీ దారం తెగలేదు. "వంతు పోయింది" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "అందరివీ అయ్యాక, వెలుతురుంటే రండి. తప్పు ఉందని వచ్చి చెప్పినవాళ్ళని వెనక్కి పంపమని ఏ కాగితంలోనూ రాయలేదు" అన్నాడు.

రెండు గంటలు కాచుకున్నారు.  మొగుడు పంజరంలోంచి దిగలేదు. టైలరమ్మ సంచి పక్కనే నిలబడింది, కూర్చోమన్నా కూర్చోలేదు. పొద్దు వాలి నీడలు పొడుగవుతుండగా ఎర్రటోపీ ఆయన చెయ్యి ఊపాడు.

పసుపు దీపం. ఇంకో పసుపు దీపం. పచ్చ.

శబ్దం ముందు పాదాలకి తెలిసింది, తర్వాతే చెవులకి. ముందు చక్రాలు రెండూ నేల వదిలి జానెడు లేచాయి. మూడేళ్ళు పెరట్లో రేకుల కింద కూర్చున్నది, తాను రోజూ చుట్టూ చీపురు వేసిన ఇనుము, కళ్ళముందు ఉన్నది ఉన్నట్టుగా మాయమైంది. మొగుడు చెప్పింది అబద్ధం కాదు. రెప్ప వేసింది, లేదు. గాలి మొహానికి కొట్టింది, కళ్ళవెంట నీళ్ళు వచ్చాయి, అవి గాలికి వచ్చినవో కావో ఆవిడకి తెలియలేదు. ఇంత వేగం ఈ లోకంలో ఉందని, అది తన ఇంట్లోంచి బయల్దేరిందని నమ్మడం కష్టంగా ఉంది. సూదిలో దారం ఎక్కించేంతసేపట్లో కారు ఆవగింజంత అయిపోయింది.

ఆవగింజ గీత దాటింది. దాటి పోతూనే ఉంది. గోడ అక్కడే ఉంది. "లాగండి" అంది టైలరమ్మ నెమ్మదిగా, పక్కన ఉన్న మనిషితో అన్నట్టు. "లాగండి, లాగండి."

దూరంగా నారింజ చుక్క ఒకటి కనిపించింది. చుక్క చిట్లింది. ఒక్కసారిగా గొడుగు నిండుగా, గుండ్రంగా, సాయంత్రపు ఎండ పదహారు ముక్కల్లోంచీ వెలుగుతుండగా, గోడకి అడ్డంగా నిలబడిపోయింది. నడినెత్తిన తాను పెట్టిన చిల్లులోంచి వెలుతురు కనిపించింది. అంత వేగాన్ని అంత గుడ్డ పట్టుకుని ఆపుతుంటే చూసి జనం ఒక్కసారిగా కేకలు పెట్టారు. ఆవిడ కేక పెట్టలేదు. రెండు చేతులూ ముందుకి చాచి, అరచేతులు తిప్పి చూసుకుంది. సూది గుచ్చుకుని గుచ్చుకుని గరుకెక్కిన వేళ్ళు, ఎప్పటివే.

"పన్నెండు పాయింట్ ఆరు సెకన్లు" అంది మైకు. వెంట్రుకవాసి తమ్ముణ్ణి ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. మాస్టారు, "పన్నెండు పాయింట్ ఎనిమిది రావాలే! ఎక్కడో తప్పు చేశాను" అని గొణుక్కుంటూ కళ్ళు తుడుచుకున్నాడు.

టైలరమ్మ ఆ అరమైలూ నడిచే వెళ్ళింది. వ్యాను ఎక్కమంటే ఎక్కలేదు. మొగుడు కారు దిగి, వెనక టైరుకి ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. హెల్మెట్ ఒళ్ళో ఉంది. మొహం చిన్నపిల్లాడి మొహంలా ఉంది. గోడ ఇంకా వంద అడుగుల దూరంలో ఉంది. ఆవిడ వచ్చి పక్కన కూలబడింది. ఇద్దరూ గాలి దిగిపోతున్న గుడ్డని చూస్తూ కూర్చున్నారు.

"పొద్దున సంచిలో పెట్టింది మీరే కదా" అంది చివరికి. "ఆ కుట్లు మీ కంట పడలేదా?"

"పడ్డాయి."

ఆవిడ తల తిప్పి చూసింది. "పడ్డాయా? చూసి ఊరుకున్నారా?"

"నువ్వేసిన కుట్టు కదా" అన్నాడు. "ఎందుకేశావో నీకు తెలిసే ఉంటుందనుకున్నా."

 ముప్పై ఏళ్ళ కిందట సీటు కవరు తిరగేసైనా చూడకుండా తీసుకెళ్ళిన మనిషి. ఇవాళ అలాగే, ఆ కుట్ల మీద ప్రాణం పెట్టుకుని గీత దగ్గరికి వెళ్ళాడు. కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది. మనిషిని మనిషి ఇంతగా నమ్మడం ఉంటుందా అన్న భయం వచ్చింది. గరుకు వేళ్ళతో ఆయన భుజం మీద ఒక్కటి గట్టిగా చరిచింది.

"ఇకమీదట అడగండి. నేనేసిన కుట్టయినా సరే, అడగండి. వినపడుతోందా?"

"ఊఁ" అన్నాడు.

లేచారు. గుడ్డ నేల మీద పరిచి, ఆవిడ ఒక అంచు పట్టుకుంది, ఆయన ఇంకో అంచు పట్టుకున్నాడు. ఆవిడ మొదటి మడత వేసింది.

"ఇది ఎందుకు?" అని అడిగాడు.

చెప్పింది. రెండో మడత వేసింది.

"ఇది?"

అదీ చెప్పింది.